గేటుకి ఇవతల

నా పని కోట్లు పట్టుకోవడం.
గేటుకి అడ్డంగా వరస కట్టేవాళ్ళు
ముందు నా దగ్గరికొచ్చి జేబులు ఖాళీ చేస్తారు.
ఇంటి తాళాలు, చెవి మిషను, ఇన్సులిన్ పెన్ను,
లోర్నా విట్‌బెక్ అయితే పెళ్ళి ఉంగరం కూడా.
"లాకప్పులో వేళ్ళు వాస్తాయి" అంటుంది,
రొట్టె మాడింది అన్నంత మామూలుగా.

నేను రోడ్డుకి ఇవతల.
గ్రీన్‌కార్డు ఇంకా చేతికి రాలేదు.
పోలీసు పుస్తకంలో పేరెక్కితే
ఏ ఆఫీసులో ఏ ఫైలు మూతపడుతుందోనని
తెల్లగీత దాటను.
గీత మీద మంచు రోజుకో మందం పేరుకుంటుంది,
నా బూట్లు అంగుళం కదలవు.

కార్విల్ పాయింట్,
న్యూయార్క్ రాష్ట్రం మ్యాపులో వేలిగోరంత ఊరు.
వెనకాల సరస్సు,
మైళ్ళ పొడుగున కత్తి ఒరలా సన్నగా,
ఏ చలికీ గడ్డకట్టనంత లోతుగా.
దాని ఒడ్డు కింద ఉప్పు.
ఉప్పుని నీళ్ళతో కరిగించి తోడేసుకోగా
మిగిలిన గదులు,
ఒక్కోదాంట్లో చర్చి పట్టేంత గదులు.
వాటిలో గ్యాసు నింపుతారట.
గదులకి నంబర్లున్నాయి, కిటికీలు లేవు.

సోమవారం సోమవారం నేను సీసాల్లో సరస్సు నీళ్ళు పడతాను.
అది జీతమొచ్చే పని.
సోడియం ఎంత, క్లోరైడ్ ఎంత,
అంకెలు రాసి సంతకం పెడతాను.
ఇంటికెళ్ళి అవే నీళ్ళతో పప్పు ఉడకేస్తాను.
ఈ నెలంతా ఉప్పు తక్కువే వేశాను,
ఎందుకో.

టౌన్ హాల్లో కంపెనీ మనిషి
బొమ్మ తర్వాత బొమ్మ చూపించి
"రాయి కదలదు" అన్నాడు.
వెనక వరసలో ఒక దగ్గు.
ఎమెట్ వాండర్‌మార్క్‌ది,
ముప్పై ఏళ్ళు ఉప్పు ఫ్యాక్టరీలో అరిగిన ఛాతీ.
ఆయన మా పక్షం కాదు.
గేటు ముందు ట్రక్కు అద్దం దించి
"పనీ పాటా లేదా మీకు" అని అరిచేవాడు.
ఒకసారి కాఫీ కప్పు విసిరాడు.
సగం నిండిన కప్పు. నా మోకాలికి తగిలింది.

ఇవాళ ట్రక్కు ఆగింది.
దిగాడు, తలుపు వెయ్యలేదు.
"సామాన్లు నువ్వేనా పట్టుకునేది?"
అవునన్నాను.
"ఏడో నంబరు గది నేను కరిగించిందే.
ఒక రాత్రి పైకప్పు రాలింది. మేం విన్నాం.
తెల్లారి కాగితం మీద ఏమీ రాలలేదు.
కింద సంతకం నాది."

ఉప్పు తిన్నవాడు నీళ్ళు తాగక తప్పదంటారు
మా పర్చూరులో.
ఇంగ్లీషులో ఎలా చెప్పాలో తోచలేదు.
తోచినా చెప్పేదాన్ని కాదేమో,
సంతకాలు నేనూ పెడతాను.

తాళాలిచ్చాడు. ఇన్‌హేలరిచ్చాడు,
మళ్ళీ లాక్కుని రెండుసార్లు పీల్చి
ఇచ్చాడు.
లోర్నా కొంచెం జరిగి చోటిచ్చింది,
మొహం చూడకుండానే.
పోలీసు కుర్రాడు పేరడిగాడు,
పుట్టినప్పట్నుంచీ తెలిసిన పేరు.
"రాసుకోరా, నీకు బేస్‌బాల్ నేర్పిన వాడి పేరు."
కుర్రాడు తలెత్తకుండా రాసుకున్నాడు.
వ్యాను వెళ్ళిపోయింది.

నా జేబుల్లో పదకొండు తాళం గుత్తులు.
నడిస్తే ఎద్దులబండిలా మోగుతాను.
ట్రక్కు ఇంకా అక్కడే,
గీతకి అవతల, కంపెనీ నేల మీద.
తెరిచిన తలుపులోంచి ముసలి కుక్క ఒకటి
వ్యాను పోయిన మలుపునే చూస్తోంది.
చలికి వణుకుతోంది.
దాని పేరు చెప్పలేదాయన, నేనూ అడగలేదు.

"దా, దా" అని తెలుగులోనే పిలిచాను.
రాలేదు.
మళ్ళీ పిలిచాను.

కౌంటీ వాళ్ళు రోడ్డు మీద చల్లిన ఉప్పు
నా బూటు కింద కరకరమంది.